బిడ్డ ఏడవని పొద్దు

హోసూరులో ఫ్యాక్టరీలు వస్తున్న కొత్త. మా పల్లె బేరిగై నుంచి వచ్చి వరుస ఇళ్ళలో ఒకదాంట్లో కాపురం పెట్టాం. చలికాలం. మా ఆయన డ్యూటీకి పోయాక తలుపేసుకుని, అద్దెకు తెచ్చిన లావుపాటి నవల పట్టుకున్నాను. పక్కింటి అమ్మాయి పుట్టింటి నుంచి చంటిబిడ్డతో వచ్చింది. వెళ్ళి చూసి రావాలనుకుంటూనే రోజులు గడిపేశాను. ఇద్దరికీ గోడ ఒకటే. ఆ బిడ్డ రోజూ గుక్కపట్టి ఏడ్చేది. ఆ పొద్దు చప్పుడు లేదు. హమ్మయ్య, ఇవాళ నాలుగు పేజీలు సాగుతాయి అనుకున్నాను.

నవలంతా ఒక మహానగరం. ఎవరెవరివో బతుకులు, వాళ్ళకే తెలియకుండా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అందులో ఒక ముసలాయన తన గదిలో పడిపోయి ఉంటే, మేడలో వాళ్ళంతా ఆ తలుపు ముందు నుంచే దిగిపోతారు. నాకు ఒళ్ళు మండింది. ఛీ, వీళ్ళూ మనుషులేనా! మా ఊళ్ళో ఒకపూట పొయ్యి రాజకపోతే నలుగురొచ్చి అడుగుతారే! రాసినాయన మీద కూడా కోపమొచ్చి పుస్తకం మూసేశాను.

అప్పుడు గానీ తెలియలేదు, గోడ అవతల ఇంకా సద్దు లేదని. పొద్దు బారెడెక్కింది. అంతసేపు పాలకు ఏడవని పసిబిడ్డ ఉంటుందా?

పరుగెత్తి వాళ్ళ తలుపు బాదాను. లోపల గడియ. ఆ అమ్మాయి మొగుడు రాత్రి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. ఇంటి యజమానురాలు వచ్చి నన్నే కసిరింది.

“బాలింత నిద్రపోతా ఉంటుంది. యాల లేపేదమ్మా?”

“నిద్రపోతా ఉంటే నన్ను తిట్టు పెద్దమ్మా! బిడ్డ పొద్దున్నించీ ఏడ్చలేదు!”

ఆమె మొహం మారిపోయింది. “అయ్యో, చలికి కుంపటి పెట్టుకోమని బొగ్గులు నేనే ఇచ్చినానే!”

ఇద్దరం కలిసి భుజాలతో గుద్దితే గడియ ఊడింది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. కుంపట్లో బూడిద కింద నిప్పు ఇంకా ఉంది. తల్లీ బిడ్డా కదలడం లేదు. బిడ్డను ఎత్తుకుని వాకిట్లోకి ఉరికాను. పెద్దమ్మ తల్లిని రెక్కలు పట్టి ఈడ్చుకొచ్చింది.

బిడ్డ మెడ వాలిపోయింది. వీపు రుద్దాను, అరికాళ్ళు రుద్దాను, మొహం మీద ఊదాను. “ఏడువు నాయనా, ఏడువు!” అంటూ నేనే ఏడ్చాను. ఎంతసేపటికో పిల్లికూనలాగా సన్నగా ఒక మూలుగు. ఆ వెంటనే గుక్క. పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు.

తల్లి వాంతి చేసుకుని కళ్ళు తెరిచింది. బిడ్డ నా చేతుల్లో ఉండడం చూసి బెదిరిపోయింది.

“ఎవురమ్మా నువ్వు? నా బిడ్డను నాకియ్యి!”

పక్కింటిదాన్ని అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.