కాక బంగారం

కాక చనిపోయిన సంగతి మాకు చెప్పింది ఫోర్‌మన్. సిమెంటు మిక్సర్ తిరుగుతూనే ఉంది, ఆపమని కూడా అనలేదు. "వో బుడ్ఢా ఖలాస్" అని అరిచి పైపుల లారీ వైపు నడిచాడు. ఇక్కడ నీళ్ల ట్యాంకు ఖాళీ అయితే ఖలాస్ అంటారు, ఇసుక అయిపోతే ఖలాస్ అంటారు. మనిషికీ అదే మాట వాడాడు. నా చేతిలో పార ఉంది. దాన్ని ఎవరి మీదా విసరకుండా ఇసుకలో గుచ్చి నిలబెట్టాను. అలా గుచ్చి నిలబెట్టడం నాకు కాక నేర్పిందే.

ముందురోజు మధ్యాహ్నం వంతెన కింద సెంట్రింగు చెక్కలు కొడుతూ కాక ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. పికప్‌లో పడుకోబెట్టి జెద్దా తీసుకుపోయారు. తోడుగా ఒక్కణ్ణి ఎక్కనివ్వమంటే పని ఆగుతుందన్నారు. గుండె ఆసుపత్రిలో ఆగిందో, దారిలోనే ఆగిందో ఇప్పటికీ మాకు ఎవరూ చెప్పలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. జగిత్యాల వైపు మనిషి. క్యాంపులో తెలుగు మాట్లాడే ప్రతివాడికీ కాకే. నేను బడి మధ్యలో మానేసినవాణ్ణి. నాకు చదవడం వచ్చింది పొట్లాల కాగితాలు, పాత పేపర్ల పుణ్యాన. ఆ పేపర్లలో చనిపోయినవాళ్ల గురించి రాసేవి చాలా చూశాను. అన్నిట్లోనూ పోయినవాడు దేవుడే. కాక దేవుడు కాదు. ఆయన గురకకు రేకుల గది అదిరేది. ఉల్లిగడ్డ లేకపోతే అన్నం ముందు అలిగేవాడు. పత్తాలాటలో దొంగాట ఆడేవాడు. ఆయన గురించి రాయాలంటే నాకు బంగారం గురించే రాయాలి. ఆయనను నేను చూసింది ఎక్కువగా అక్కడే.

మా క్యాంపు జెద్దాకు తూర్పున కొండల్లో ఉంటుంది. మక్కా దారిలో ముస్లింలు కాని మాలాంటివాళ్లను పక్క రోడ్డుకు మళ్లించే బోర్డు దాటి, ఇంకా చాలా దూరం పోవాలి. మా పని రోడ్డు కింద కల్వర్టులు కట్టడం. కల్వర్టు ఉందంటే దాని కింద వాదీ ఉన్నట్టే. వాదీ అంటే ఏరు. చలికాలంలో కొండ మీద వాన పడితే ఎర్రటి నీళ్లు ఒక్కసారిగా వచ్చి, కొన్నాళ్లు సన్నగా పారి, ఇంకిపోతాయి. శుక్రవారం సెలవు. అందరూ కంపెనీ బస్సెక్కి జెద్దా బజారుకు, ఫోన్లకు పోతే, కాక ఇనుప తట్ట ఒకటి నెత్తిన పెట్టుకుని వాదీలోకి దిగేవాడు. నేను వచ్చిన కొత్తలో, బస్సు మీద కూడా కోపం వచ్చి ఎక్కకుండా, ఆయన వెంట నడిచాను.

అప్పట్లో నాకు అన్నింటి మీదా కోపమే. ఏజెంటు ఎలక్ట్రీషియన్ పని అన్నాడు, ఇక్కడ పార ఇచ్చారు. పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇప్పుడూ ఆ కోపం తగ్గలేదు. తగ్గాలని కాక కూడా ఎప్పుడూ అనలేదు.

మొదటి శుక్రవారమే ఇసుకలో తళుక్కుమంది. నేను ఎగిరి గంతేశాను.

"కాకా! దొరికింది! తట్ట నిండ ఉన్నది!"

"ఏది, గిట్ల నీడల వెట్టు." ఆయన తువ్వాలు తీసి తట్ట మీద పందిరిలా పట్టాడు. మెరుపంతా ఒక్కసారి ఆరిపోయింది. "పాయె గదా. గది కాకిబంగారం బిడ్డా. ఎండున్నంతసేపే దాని సోకు. అసలుది నీడల గూడ గట్లనే ఉంటది."

సాయంత్రం ఈ సంగతి విని మా గదిలో వంట చేసే అన్న పడీపడీ నవ్వాడు. "కాకకు కాకిబంగారం కాక ఇంకేం దొరుకుతది? పేరుల్నే రాసున్నది!" అప్పటి నుంచి క్యాంపులో అది కాక బంగారం అయింది. శుక్రవారం సాయంత్రం ఆయన తిరిగొస్తుంటే "కాక బంగారం వచ్చింది, బీరువా తెరువుండ్రి" అని కేకలు వేసేవాళ్లు. "నీ బీరువ నిండ నల్లులే గదరా" అనేవాడు కాక.

సరదాకు ఏట్లో బంగారం కడగాలనుకునే వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఆయన నేర్పింది చెబుతాను. తట్టను ముందు నిప్పుల మీద ఎర్రగా కాల్చాలి. జిడ్డు ఇంత ఉన్నా సన్న బంగారం నీళ్ల మీద తేలి కొట్టుకుపోతుంది. ఏరు మలుపు తిరిగేచోట లోపలి ఒడ్డున, పెద్ద బండల వెనక, పరుపురాతి నెర్రెల్లో వెతకాలి. వరద అలసిపోయి బరువు దించుకునే చోట్లు అవి. ఆ మట్టి తట్టలో వేసి, నీళ్లలో ముంచి, పెద్ద రాళ్లను కడిగి తీసేసి, ముందు అటూ ఇటూ బాగా కదపాలి, బరువైనది అడుక్కు దిగేదాకా. ఆ తర్వాతే తట్ట వంచి, నీళ్లు తిప్పి, పై ఇసుక కొంచెం కొంచెంగా పోనివ్వాలి. నల్ల ఇసుక మిగిలేసరికి చెయ్యి ఇంకా నెమ్మది కావాలి. పాడైన రేడియో స్పీకర్‌లోని అయస్కాంతం ఒకటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చేవాడు. దాంతో నల్ల ఇసుకను లాగేస్తే మిగిలేది పసుపు నలకో, ఏమీ లేకపోవడమో. ఎక్కువసార్లు ఏమీ లేకపోవడమే.

"బియ్యం గాలిస్తం సూడు, గదే పని" అనేవాడు. "అండ్ల పైది మనది, అడుగుది పారేస్తం. ఈడ ఉల్టా." ఈ ఉల్టా ఆయన చేతికి ఎంత పట్టేసిందంటే, ఒకసారి వంటన్నకు జ్వరం వచ్చి కాక వండాల్సి వస్తే, అలవాటు కొద్దీ బియ్యమంతా మోరీలో వంచేసి గిన్నె అడుగున రాళ్లు భద్రంగా మిగిల్చాడు. ఆ పూట అందరం ఖుబూస్ రొట్టెలు తిన్నాం. "ఇగ రాళ్లకు పోపు పెట్టు కాకా" అని వంటన్న మంచంలోంచే తిట్టాడు.

నేను తట్టను విదిలించి విదిలించి తిప్పేవాణ్ణి. కాక నా చెయ్యి పట్టి ఆపేవాడు. "కోపం కడుపుల వెట్టుకో బిడ్డా, మణికట్ల పెట్టకు. తట్టకేం దెలుసు, నీ పాస్‌పోర్టు ఎవని తాన ఉన్నదో?" నాకు నచ్చిన మాట అదొక్కటే. కోపం మానుకో అని నీతులు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో చెప్పింది ఆయనొక్కడే.

ఆయనకు ఈ పని తండ్రి నుంచి వచ్చింది. ఆ తండ్రిది జలగడుగు పని. అవుసులోళ్ల, అంటే కంసాలుల, దుకాణాల ముందు మోరీ మట్టి, ఊడ్చిన బూడిద తెచ్చి కడిగి, అందులో రాలిన బంగారప్పొడి ఏరడం. సౌదీకి వచ్చాక ఆ పని మళ్లీ ఎలా పట్టుకుందో కాక ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు.

సద్దాం లడాయి నాటి మాట. పెద్ద సార్లు వెళ్లిపోయారు. పని ఆగింది. పాస్‌పోర్టులు బీరువాలోనే ఉన్నాయి. "గ్యాసు ముసుగులు సార్లకిచ్చిండ్రు. మమ్ముల తడిబట్ట మూతికి కట్టుకొమ్మన్నరు. మీదికెళ్లి ఇమానాలు పోతుంటె మేం తడిబట్టలు పట్టుకొని నిలవడ్డం." నీళ్ల ట్యాంకరు రావడం మానేసింది. కాక డబ్బా పట్టుకుని వాదీ వెంట నడిచి, ఒక ముసలాయన బావి దగ్గరకు చేరాడు. మేకలు, కొన్ని ఖర్జూరపు చెట్లు, డీజిల్ పంపు, అంతే ఆయన ఆస్తి. ఎవరు నువ్వు అని అడగకుండా డబ్బా నింపి పంపాడట. అలా రోజూ పోతూ, బండ వెనక నల్ల ఇసుక చూసి కాక చేతులు ఆగలేదు. కడుగుతానని అడిగాడు. ముసలాయన రెండు మాటలన్నాడు. గుంటలు పూడ్చి పో, ఒంటెల కాళ్లు విరుగుతాయి. "శూఫ్, లా తాఖుద్." చూడు, తీసుకోకు.

కాక సరేనన్నాడు. ఆ తర్వాత ఎన్ని శుక్రవారాలు కడిగాడో, ఒక్క నలక క్యాంపుకు తేలేదు. నీడలో పెట్టి చూసేవాడు, నాకు చూపించేవాడు, తీసిన చోటే తిరిగి పోసేసేవాడు. పోలీసులకు దొరికితే ఎగ్జిట్ కొట్టి దేశం నుంచి పంపిస్తారన్నదీ నిజమే. కానీ ఆయన పోసేసేది ఆ భయంతో కాదు.

నాకు ఒళ్లు మండేది. "మనకు దొరికింది మనం పారవోసుడేంది కాకా? బీరువల మన పాస్‌పోర్టు పెట్టుకున్నోడు తిరిగిస్తున్నడా?"

"ఇస్తలేడు. గందుకే వాని పేరు దలుస్తె తిడ్తున్నవ్. నన్ను గూడ ఎవడన్న గట్ల తిట్టాల్నా?"

ఆయనకు వేరే మర్యాదలూ ఉండేవి. మేకలు తాగే వైపు నీళ్లు బురద చేయొద్దు. ఇంకొకడు తవ్వుతున్న గుంటలోకి తొంగి చూడొద్దు. దొరికిన చోటు గురించి బస్సులో వాగొద్దు. ఒడ్డున చెట్టు వేళ్లు కొయ్యొద్దు. బీడీ ముక్క కూడా జేబులో వేసుకుని వచ్చేవాడు.

ఫోర్‌మన్ ఖలాస్ అన్న ఆ రోజే ఆఫీసు వాళ్లు ఇంకో మాట చెప్పారు. మర్నాడు పొద్దున ఒకరు ఇఖామా అనే గుర్తింపు కార్డు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లి శవాన్ని గుర్తుపట్టాలి, తర్వాత పెట్టెలో పెడతారు. నేను పోతానన్నాను. వంటన్న నన్ను పక్కకు పిలిచాడు.

"నోట్ల ఇంత బంగారం ఎయ్యాలెరా. ఇంటికాడ పెట్టె తెరువనిస్తరో లేదో. నా ఉంగరం తునక కోద్దాం."

"నీ ఉంగరం సూక్ బజార్ల కొన్నదన్నా. కాక నోట్లె కాక బంగారమే పడాలె."

"ఉంటె గదరా? అంత మల్ల పోసేసె. ముసలాయనకు మాటిచ్చిండాయె."

"ముసలాయన్నే అడుగుత."

"తియ్యొద్దంటే?"

పని దిగగానే తట్ట, నీళ్ల డబ్బా తీసుకుని ఇద్దరం నడిచాం. ఎండ ఇంకా ఉంది. వాదీ ఎండిపోయి ఉంది. ముసలాయన పంపు పక్కన కూర్చుని ఉన్నాడు. నాకు వచ్చిన అరబ్బీ పనిలో తిట్లతో పాటు నేర్చుకున్నది. "సదీగ్ మాత్" అన్నాను. మిత్రుడు చనిపోయాడు.

"ఏ సదీగ్?" అన్నాడు. తట్ట చూపించాను. "అబూ తాసా?" కాకకు ఆయన పెట్టుకున్న పేరు అది, గిన్నె తండ్రి అని. అవునన్నాను. "లా హౌల" అని దేవుణ్ణి తలుచుకుని, చేతిలో కర్ర కింద పెట్టాడు.

సగం మాటలతో, సగం చేతులతో చెప్పాను. ఒకే ఒక్క నలక, ఆయన నోట్లో వేయడానికి, మా ఆచారం. మీరు వద్దన్నారు కాబట్టి అడుగుతున్నాను.

ముసలాయన నుదురు ముడిచాడు. "నేను వద్దన్నానా? ఎప్పుడు?"

లడాయప్పుడు, అని చెప్పాను. చాలాసేపు ఆలోచించాడు. గుర్తు రాలేదు. తల అడ్డంగా ఊపి, లేచి పంపు వేసి, మా డబ్బా తనే నింపాడు. "ఖుద్" అన్నాడు. తీసుకో.

డబ్బా చెరో చేత్తో పట్టుకుని కాక కడిగే బండ వైపు నడిచాం. కోపాన్ని కడుపులోనే పెట్టుకున్నాను. ఎవరి మీదో తెలియదు. దారిలో వంటన్న అన్నాడు. "ఈ సంగతి కాకకు జెప్పకురా. బాధపడ్తడు." అన్నాక, తనేం అన్నాడో తనకు తెలిసి, ముఖం తువ్వాలులో పెట్టుకున్నాడు.

మొదటి తట్టలో ఏమీ లేదు. ఆ తర్వాతదీ అంతే. కడిగిన నీళ్లు వడగట్టి మళ్లీ వాడుకున్నాం. ఎండ కొండ అంచుకు పోయింది. మణికట్టు గట్టిపడుతుంటే ఆపి, ఊపిరి తీసుకుని, మళ్లీ తిప్పాను. బండ అడుగు నెర్రెలోని మట్టిలో, నల్ల ఇసుక తోక చివర ఒక నలక నిలిచింది. వంటన్న తువ్వాలు అడ్డం పట్టాడు. రంగు మారలేదు. నలకను కాగితంలో మడిచి, నల్ల ఇసుక తిరిగి పోసి, గుంట పూడ్చి, కాలితో తొక్కి వచ్చాం.

మర్నాడు నన్ను జెద్దా తీసుకెళ్లే పాకిస్తానీ డ్రైవర్ తన ఖాళీ అత్తరు సీసా ఇచ్చాడు. "ఇస్ మే రఖ్ లో, బేటా. చాచా థే హమారే భీ." దీన్లో పెట్టుకో, ఆయన మాకూ కాకే అని. అత్తరంటే నూనె. సబ్బుతో, వేడినీళ్లతో వాసన పోయేదాకా కడిగి, బావి నీళ్లు కొన్ని పోసి, నలకను వేలికి అంటించి లోపల వదిలాను. అది తేలలేదు. నేరుగా అడుక్కు దిగింది.

ఆసుపత్రిలో శవాల గది చూసుకునేది ఒక బంగ్లాదేశ్ అతను. ముఖం మీది గుడ్డ తీశాడు. ఇఖామా చూశాడు. నా చేతిలో సీసా కూడా చూశాడు. "భాయ్, జల్దీ" అని గోడ వైపు తిరిగి, చేతి తొడుగులు సర్దుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు సర్దుకున్నాడు.

గడ్డానికి కట్టు కట్టారు. పెదవుల మధ్య సన్నటి సందు ఉంది. సీసా మెల్లగా వంచాను. నీళ్లు లోపలికి జారిపోయాయి. నలక మాత్రం కింది పంటి అంచున ఆగింది. ఆ గదిలో కిటికీ లేదు, పైన ట్యూబ్‌లైటు ఒక్కటే. నేను వంగి, నా తల దానికి అడ్డం పెట్టి, కాక ముఖం మీద నీడ పడనిచ్చాను.

అలాగే ఉంది, పచ్చగా.