కంపెనీ క్వార్టర్లో చెల్లెలు

గోదావరిఖనిలో మేము ఆరేళ్లు ఉన్న కంపెనీ క్వార్టర్ మా పేరు మీద లేదు. అది బొగ్గుబాయిలో పనిచేసే ఒకాయనది. ఆయన సొంతిల్లు కట్టుకుని దీన్ని మాకు కిరాయికిచ్చాడు. అలా ఇవ్వకూడదని కంపెనీ రూలు. నాన్న ప్రైవేటు బడిలో లెక్కల సారు, తెల్లారితే రూల్సు చెప్పే మనిషి. అయినా ఒప్పుకున్నాడు. నీళ్లు, కరెంటు ఉన్న ఇల్లు మాకింకెక్కడ దొరుకుతుంది? తనిఖీ వాళ్లు వస్తే అమ్మ ఆయన చెల్లెలని చెప్పాలి. వాళ్లు నమ్మడానికి ఆయన తన పాత బాయి బూట్లు మా గుమ్మం పక్కన పెట్టి వెళ్లాడు.

ఆ బూట్ల మసి చూస్తే అమ్మకు అన్నం సహించేది కాదు. ఒకరోజు సబ్బుపెట్టి తోమేసింది. ఆ వారమే తనిఖీ ఆయన వచ్చాడు.

"మా అన్న డ్యూటీకి పోయిండు సార్," అంది అమ్మ.

తనిఖీ ఆయన గుమ్మం పక్కనున్న బూట్లు తిప్పి చూశాడు. "మీ అన్న బొగ్గుబాయిల చేస్తడా, సబ్బుల బాయిల చేస్తడా?"

నవ్వుతూనే కాగితం తీసి, తాను సొంత చెల్లెలినని, అన్న దగ్గరే ఉంటున్నానని అమ్మతో రాయించి సంతకం తీసుకున్నాడు. గండం గడిచిందని ఆ రోజు పాయసం వండుకున్నాం. అంత తెలివితక్కువ పాయసం నేను మళ్లీ తినలేదు.

నా పదో తరగతి పరీక్షల ముందు క్వార్టర్ ఆయన వచ్చి ఖాళీ చెయ్యమన్నాడు. బామ్మర్దికి ఇస్తాడట. నాన్న యూనియన్ నాయకుడి దగ్గరికి పరుగెత్తాడు.

"ఫిర్యాదు చేస్తె ముందుగాల మిమ్ములనే ఎల్లగొడ్తరు సార్," అన్నాడాయన.

ఎటు తిరిగినా గోడే. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. చివరికి అమ్మే క్వార్టర్ ఆయన్ను అడిగింది.

"రెండు నెలలు ఆగు అన్నా. పిల్ల పరీక్షలున్నయి."

"చెల్లెనని నువ్వే రాసిచ్చినవ్ గద. అన్న ఇంట్ల చెల్లెకు హక్కేంది? ఉన్నన్ని రోజులు ఉన్నవ్, ఇగ పోవాలె."

సామాను ఆటో ట్రాలీలోకి ఎక్కిస్తుంటే ఆయన భార్య చీర, బియ్యం పట్టుకుని వచ్చింది. ఆడబిడ్డను ఒడిబియ్యం పోసి సాగనంపడం మా దగ్గర ఆనవాయితీ. క్వార్టర్ల లైనంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది. వద్దంటే అబద్ధం బయటపడుతుంది, సంతకం చేసిన కాగితం ఆఫీసులో ఉంది. అమ్మ కొంగు పట్టింది. ఆమె ఐదు దోసిళ్లు పోసింది.

"మళ్ల పండుగకు రా వదినె," అంది.

అందరూ వింటుండగా అమ్మ, "వస్త వదినె," అంది.