మా మాస్టరు భయపడలేదు

మా హార్మోనియం మాస్టరు పోయారన్న కబురు నా ఫోన్‌లోకి ఒక పుట్టినరోజు కేకు ఫోటోకీ, మర్నాటి కరెంటు కోత సమాచారానికీ మధ్యన వచ్చింది. ఆదోనిలో నాటకాల వాళ్ళందరూ కలిసి పెట్టుకున్న గ్రూపు అది. ఎమ్మిగనూరులో, తన ఇంట్లోనే, పొద్దున టీ తాగి గోడకు చేరగిలబడి అలాగే పోయారట. దాని కింద వరసగా దండాలు, పూలు, కన్నీళ్ళు పెట్టుకున్న బొమ్మలు. కేకు కోసినాయన ముందు తనకు శుభాకాంక్షలు చెప్పినవాళ్ళకు కృతజ్ఞతలు తెలిపి, ఆ తర్వాత దండం పెట్టాడు.

సాయంత్రానికి వ్యాసాలు మొదలయ్యాయి. "రేడియోలో వాయించే అవకాశం ఇంటికి వస్తే భయపడి వెళ్ళని అమాయకుడు" అని ఒకరు రాశారు. "కీర్తికి భయపడిన మహానుభావుడు" అని ఇంకొకరు. నేను ఫోన్ చేతిలో పట్టుకుని జవాబు రాయబోయి, చెరిపేసి, ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. "కూర్చోండి మామా, పడిపోతారు" అంది మా కోడలు. కూర్చోలేకపోయాను. ఇది జరిగి మూడు వారాలు కావస్తున్నా పది నిమిషాలు ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాను. ఈ మాటలు కూడా లేచి తిరుగుతూ, మళ్ళీ వచ్చి కూర్చుంటూ రాస్తున్నవే. మా మాస్టరు భయపడలేదు. భయపడ్డారన్న మాట ఆయన పేరుకు అతుక్కుని ఆయన తర్వాత కూడా బతికేలా ఉంది. దాన్ని పీకవలసినవాణ్ణి నేను.

ఆయన మగ్గం నేసేవారు. ఈ సంగతి ముందు రాయాలి, ఎందుకంటే ఆదోనిలో జరిగిన సంతాప సభలో ఎవరూ దీన్ని ముందు చెప్పలేదు. సంగీతానికి జీవితం ధారపోశారన్నారు. పోయలేదు. జీవితం మగ్గానికి పోయింది, దుప్పట్లకూ తువ్వాళ్ళకూ పోయింది. అందులో మిగిలింది సంగీతానికి దక్కింది. ఆ మిగులు చాలామంది విద్వాంసుల మొత్తం కంటే ఎక్కువన్నది వేరే సంగతి. మగ్గం లయలోనే ఆయన రాగాలు విన్నారని ఒక కవి మైకు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను స్వయంగా అడిగాను ఒకసారి, నేస్తూ పాడుకోవచ్చు కదా అని. "నోరు పాటలో ఉంటే పోగు తెగింది తెలీదప్పా" అన్నారు. మగ్గం చప్పుడులో ఆయనకు వినబడింది మగ్గం చప్పుడే.

అప్పట్లో నేను ఆదోని మార్కెట్ యార్డులో గుమాస్తాను. పగలంతా పత్తి బండ్ల వరస నంబర్లు రాసి, సాయంత్రం నాటకాల్లో పద్యాలు పాడేవాణ్ణి. పుస్తకాలు బాగా చదివేవాణ్ణి కాబట్టి నాకు అన్నీ తెలుసుననే నమ్మకం కూడా ఉండేది. మొదటిసారి ఆయన హార్మోనియం పక్కన నిలబడి పద్యం పాడినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. ఆయన ఏమంటారోనని చూశాను.

"యాడ నేర్చినావప్పా?" అన్నారు.

"నాటకాలు చూసి."

"అదీ సంగతి. కండ్లతో నేర్చినావు. సెవులతో నేర్చుకోవల్ల. అమావాస్యకు రా."

నేతవాళ్ళకు అమావాస్య సెలవు. ఆ రోజు మగ్గం గుంటలో కాలు పెట్టరు. ఆయనకు నెలలో పూర్తిగా చేతికొచ్చే రోజు అదొక్కటే, అందుకే పాఠం ఆ రోజే. మా ఇంట్లో దీనికి పెద్ద గొడవ. "విద్య మొదలుపెట్టేకి వేరే దినమే దొరకల్యాదా ఆయప్పకు?" అని మా అమ్మ. ఆ మాట ఆయనకు చెబితే పకపకా నవ్వారు. "మంచి దినాలల్లో సరస్వతిని అందరూ పిలుచుకొని పోతారు. అమావాస్య దినమే ఆయమ్మకు తీరిక. మన కాడికి వస్తాది."

నాలుగేళ్ళు పోయాను. మొదటి బస్సుకు ఎమ్మిగనూరు చేరేసరికి ఆయన తలస్నానం చేసి, మగ్గం పక్కనే ఉన్న కాళ్ళ హార్మోనియం ముందు సిద్ధంగా ఉండేవారు. మెట్ల మీద వేలు పెట్టే ముందు పదివేళ్ళూ తువ్వాలుకు తుడుచుకునేవారు, ఒక్కొక్క వేలూ, గోరు సందుతో సహా. అయినా మధ్య మెట్ల మీద రంగు మరక ఎప్పుడూ ఉండేది. ఆ నెలలో ఏ రంగు నూలు నేశారో ఆ మెట్లు చూసి చెప్పవచ్చు. నేను లయ తోసుకుంటూ పోతే వాయించడం ఆపేసి, "తొందరుంటే పాడొద్దు. బస్సెక్కు" అనేవారు. ఎవరైనా బాగుందంటే ఆయనకు చిరాకు. "బాగుందంటే నాకేమి తెలుస్తాది? యాడ బాగల్యాదో సెప్పు."

సంతాప సభకు అధ్యక్షత వహించిన పత్తి వ్యాపారి, మాస్టరు తనకు సొంత అన్నలాంటివాడన్నాడు. ఆ ఇంటి పెళ్ళిలో మాస్టరు మూడు గంటలు వాయించారు, నేను పాడాను. ఆ సొంత అన్నను అరుగు దాటి లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. మేమిద్దరం అరుగు మీదే తిన్నాం. మాస్టరు దాన్ని పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను, ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఇక రేడియో సంగతి. ఆయన చేత దరఖాస్తు పెట్టించింది నేనే. వద్దువద్దంటూనే సంతకం చేశారు, చేశాక మాత్రం రోజూ ఒకే రాగం పట్టుకున్నారు. కడప రమ్మని ఉత్తరం వచ్చింది. మంగళవారం, బుధవారం రెండు రోజులు పరీక్ష ఉంది, ఏది వీలో తెలియజేయమన్నారు. ఆయన ఒక్క మాటే చెప్పారు.

"అమావాస్య దినం అని రాయప్పా. ఆ దినమైతే ఎవురికీ అడ్డం ల్యాదు."

నేను ఆఫీసు గోడమీది కేలెండరు చూశాను. బుధవారం గడిలో అమావాస్య అని ఉంది. బుధవారం అని రాసి పంపాను.

ఆ నెల అమావాస్య మంగళవారం పొద్దెక్కాక మొదలై బుధవారం మధ్యాహ్నానికి ముందే అయిపోయింది. తెల్లవారేసరికి ఏ తిథి ఉంటే కేలెండరులో అదే వేస్తారు. నేతవీధికి అలా కాదు. పెద్దలకు నీళ్ళు వదిలేది మధ్యాహ్నం కాబట్టి, ఆ వేళకు అమావాస్య ఏ రోజు ఉంటే ఆ రోజే మగ్గాలు ఆగుతాయి. అంటే మంగళవారం. ఆ వీధిలో ఎవరిని అడిగినా చెప్పేవారు. నేను అడగలేదు.

మంగళవారం పొద్దున్నే ఆయన ఉతికిన పంచె కట్టుకుని ఆదోనిలో మా ఇంటికి వచ్చేశారు.

"పోదామా? రైలుకు టైమైంది."

"రేపు గదా మాస్టరూ. బుధవారమని రాసినా."

ఆయన "రేపు మా పక్కింటామె పడుగు ఉండాదే" అన్నారు.

"ఇంకెవరినైనా పెట్టుకోమనండి."

"ఆమె మొగుడు కాలిరిగి పండుకొనుండాడు. గంజి పట్టించేది నేనే. మనిషి తగ్గితే ఒక కొస ఆరిపోతాది. ఆరితే నెల పని పాడు." నా ముఖం చూసి ఆగి, "కానీలే. నువ్వేం జేస్తావు" అన్నారు.

తప్పయిందని నేను అనలేదు. "కేలెండరులో అట్లే ఉంది మరి" అన్నాను. ఆయన మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోయారు.

బుధవారం నేను జీపు మాట్లాడుకుని తెల్లారేసరికి ఎమ్మిగనూరు వెళ్ళాను. రైలు అందుకోవచ్చని లెక్క వేసుకున్నాను. వీధి పొడవునా పడుగు, మగ్గానికి ఎక్కించబోయే నిలువు పోగులు, సాగదీసి ఉంది. అటు నలుగురు, ఇటు నలుగురు. మాస్టరు పంచె ఎగగట్టి, పొడవాటి కుంచెతో తడి పోగుల్ని దువ్వుతున్నారు.

"మాస్టరూ, జీపు తెచ్చినా. ఇంకా టైముంది, రాండి."

"పో మాస్టరూ, మేము సూసుకుంటాం" అంది పక్కింటామె, గంజి బకెట్టు దించుతూ.

"ఎట్ల సూసుకుంటావు? నీకు నాలుగు సేతులుండాయా?" అన్నారు ఆయన కుంచె ఆపకుండా. ఎవరో నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. వీధి మొత్తానికీ వినబడేలా అన్నాను: "నిజం చెప్పండి మాస్టరూ. పరీక్షంటే భయం మీకు. అందుకే ఈ పడుగు అడ్డం పెట్టుకున్నారు."

కుంచె ఆగలేదు. "అట్లే అనుకోప్పా" అన్నారు. "కొంచెం పక్కకు జరుగు. పోగులు తొక్కుతావు."

ఆ సాయంత్రం ఆదోనిలో టీ అంగడి దగ్గర నాటకాల వాళ్ళు పరీక్ష ఏమైందని అడిగారు. "భయపడినాడు" అన్నాను. ఒక్క మాట. తప్పు తేదీ నేను రాశాననీ, ఆయన ముందు రోజే వచ్చి నా గుమ్మంలో నిలబడ్డారనీ చెప్పలేదు. ఇంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. అదీ రాస్తాను. ఆ నెలలోనే నాకు ఆఫీసులో ప్రమోషన్ వస్తుందని తెలిసింది. పని ఎక్కువ, ఇక పాట కుదరదని నాలో నేను తేల్చేసుకున్నాను. రెండూ కుదరవని పుస్తకాల నుంచి కూడా వాదనలు వెతుక్కున్నాను. నా కళ్ళ ముందే ఒక మనిషి మగ్గం నేస్తూ, పక్కవాళ్ళ పడుగుకు గంజి పెడుతూ, నెలకొక రోజుతో నాకంటే పదింతలు సంగీతం చేస్తూంటే నా వాదన నిలబడదు. ఆయన పిరికివాడైతేనే నేను తెలివైనవాణ్ణి.

నేను అమావాస్యకు పోవడం మానేశాను. ఏడాది పాటు ఎమ్మిగనూరు బస్సు కండక్టరు చేత కబురు పంపారు, "అమావాస్యకు రమ్మన్నారు" అని. తర్వాత కబురు రాలేదు. ఆయన వేళ్ళు వంగినంత కాలం నేశారు, వాయించారు. నేను నాటకాలు చూడ్డానికి పోయి, వెనక వరసలో కూర్చుని, ముగియకముందే లేచి వచ్చేవాణ్ణి.

పెద్దకర్మ అయిన మూడో రోజు ఆ సభ పెట్టారు. చివరి వక్త, రేడియో కథ చెబుతూ నా వైపు చెయ్యి చాపాడు. "ఆయన భయపడిన సంగతి నాకు స్వయంగా చెప్పింది, ఇదిగో, ముందు వరసలో కూర్చున్న ఈ పెద్దాయనే." అందరూ నా వైపు తిరిగారు. మైకు రెండడుగుల దూరంలో ఉంది. ఊళ్ళో ప్రతివాడి అబద్ధాన్నీ ముఖం మీద ఎత్తిచూపిన మనిషిని నేను. తల ఊపాను.

మర్నాడు ఎమ్మిగనూరు వెళ్ళాను. మాస్టరు భార్య ఇంటి ముందు గదిలో ఉన్నారు. నిలబడే అంతా చెప్పాను. కేలెండరు, మంగళవారం, టీ అంగడి, సభ.

"తెలుసప్పా" అన్నారు చివరికి. "ఆ దినమే సెప్పినాడు. 'పాపం, సదువుకున్నోడు గదా, గోడ సూసి రాసినాడు' అని నవ్వినాడు."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వే సెప్తావని సూసినాడు. శానా దినాలు సూసినాడు."

"ఇప్పుడు చెప్తున్నాను కదమ్మా."

"నాకు సెప్తే ఏమొస్తాది? నాకు తెలిసిందే గదా. నిన్న మైకు పెట్టిన కాడ నోట్లో ఏముండె?"

అందుకే ఇది రాస్తున్నాను. చదివినవాళ్ళు ఆ గ్రూపులో పెట్టండి, సభ పెట్టినవాళ్ళకు చూపండి. మా మాస్టరు భయపడలేదు. భయపడినవాణ్ణి నేను.

ఆ రోజు ఆమె ఆ మాట అని, కొడుకు మగ్గానికి నూలు చుట్టిన కండెలు కావాలి కాబోలు, రాట్నం ముందుకు లాక్కున్నారు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కండె నిండింది, తీసి గంపలో వేశారు, ఇంకొకటి ఎక్కించారు. అదీ నిండింది. నేను గడప బయట ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండో చెప్పు కోసం ఉత్త కాలితో నేల తడుముతూ నిలబడ్డాను. లోపల మూడో కండె తిరగడం మొదలైంది.