తూకాలాయన హంస

తూకాలాయన ఉద్యోగమంతా కొట్టుకొట్టుకీ తిరిగి తూనికరాళ్లు తనిఖీ చేయడమే. రాయి అరచేతిలో పెడితే చాలు, ఎంత తరుగుందో చెప్పేసేవాడు. సరిగ్గా ఉన్నదాని అడుగున ముద్ర కొట్టేవాడు. తరుగున్నదానికి ఎవరెంత బతిమాలినా ముద్ర వేసి ఎరగడు. వ్యాపారులు ఆయనకి నవ్వుతూ కుర్చీ వేసి, లోలోపల తిట్టుకునేవారు. రిటైరయ్యాక కుర్చీ వేసేవాళ్లూ పోయారు, తిట్టేవాళ్లూ పోయారు. రెండో లోటు మాత్రం భార్య తీర్చింది.

ఆవిడ తిట్టడానికి కారణం ఉంది. పొద్దుపోక ఆయన కాగితం గుజ్జుతో బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. పాత పేపర్లు చింపి నానబెట్టడం, ఉడకబెట్టడం, మిక్సీలో రుబ్బడం, గుడ్డలో వేసి నీళ్లు పిండడం, సుద్దపొడీ జిగురూ కలిపి మెత్తగా పిసకడం. పెరట్లో ఎప్పుడు చూసినా ఏదో ఒకటి ఆరుతూ ఉండేది.

“వంట మిక్సీలో పేపర్లు రుబ్బే మగాణ్ణి ఈ వీధి మొత్తానికీ నేనొక్కదాన్నే కట్టుకున్నాను” అనేది ఆవిడ, ఎదురింటావిడకి వినపడేలా.

బొమ్మ పూర్తయితే ఆయన పాత అలవాటుకొద్దీ దాని అడుగున సన్నటి కుంచెతో తన పేరులోని మొదటి అక్షరం వేసి, చుట్టూ సున్నా చుట్టేవాడు. అదే ముద్ర. ఆవిడ ఆ బొమ్మలకి తలో పనీ అప్పజెప్పింది. తాబేలు వీపు మీద వేడిగిన్నెలు దించేది. ఏనుగుని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. గాలి వేసినప్పుడల్లా తలుపే ఏనుగుని తోసుకుంటూ పోయేది.

తూకాలాయనకి ఉన్న కోరిక ఒక్కటే. తను చేసిన బొమ్మల్లో ఒక్కటంటే ఒక్కటి హాల్లో షోకేసులో ఉండాలి. ఆ షోకేసు ఆవిడ రాజ్యం. మధ్య అరలో పింగాణీ హంస, వాళ్లక్క ఇచ్చింది. అక్క ఇచ్చిందంటే ఇంక దానికి తిరుగులేదు. ఈయన అడిగినప్పుడల్లా ఆవిడది ఒకటే జవాబు.

“షోకేసులోవి నలుగురూ చూడ్డానికి. మీ బొమ్మలు మీరు చూసుకోడానికి.”

కూతురి పురిటికని ఆవిడ ఊరెళ్లింది. ఆ మర్నాడే ఆయన కొత్తగా చేసిన గుడ్లగూబని పట్టుకుని షోకేసు తెరిచాడు. పెట్టేద్దామని కాదు, పడుతుందో లేదో చూద్దామని. పట్టింది. చెయ్యి వెనక్కి తీసుకోబోతే మోచెయ్యి తగిలి హంస కింద పడింది. ఏ ముక్క మెడో, ఏ ముక్క రెక్కో తెలియకుండా పోయింది. గుడ్లగూబ మాత్రం చెక్కుచెదరకుండా గుడ్లప్పగించి చూస్తూ ఉంది.

భార్య వచ్చేలోగా అచ్చం అలాంటి హంసనే చేసి పెట్టేయాలనుకున్నాడు. ముక్కలు ముందు పరుచుకుని, ఒకదాని పక్కన ఒకటి పేర్చి కొలతలు తీశాడు. మెడకి తీగ వంచి గుజ్జు పట్టిస్తే మొదటిసారి ఆ మెడ వాలిపోయింది, రెండోసారి ఎండకి బీటలిచ్చింది. మూడోసారి నీడలో ఆరబెట్టి, పూత మీద పూత వేసి, ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేసి, తెల్లరంగు వేసి, మీద వార్నిష్ కొట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు. అలవాటుగా అడుగున ముద్ర వేయబోయి నాలిక్కరుచుకున్నాడు.

ఆవిడ వచ్చీ రాగానే హంసని తీసి చేతిలో పట్టుకుంది. కాసేపు అటూ ఇటూ తిప్పి, “దుమ్ము పట్టింది” అని మళ్లీ పెట్టేసి, సబ్బునీళ్లు తేవడానికి కదిలింది. షోకేసులో బొమ్మలన్నీ సబ్బునీళ్లలో ముంచి కడగడం ఆవిడ అలవాటు.

“వద్దు వద్దు! ప్రయాణం చేసి అలిసిపోయావు. నేను తుడుస్తాలే, పొడిగుడ్డతో.”

“ఈ ఒక్కసారేనా, ఎప్పుడూనా?”

“ఎప్పుడూ నేనే తుడుస్తా.”

జన్మలో గుడ్డ పట్టని మనిషి, అప్పట్నుంచి వారం వారం అద్దాలతో సహా తుడుస్తున్నాడు. వచ్చినవాళ్లంతా హంసని మెచ్చుకునేవారు. ఆ మెప్పు చెవిన పడేది గానీ మింగుడుపడేది కాదు.

చివరికి ఓ రోజు ఆ అక్కగారే వచ్చింది. షోకేసు ముందు నిలబడి మురిసిపోయింది.

“ఎన్నాళ్లయినా కొత్తదానిలా ఎలా మెరుస్తోందో చూడండి మరిదిగారూ! పింగాణీ అంటే ఇదీ. మీరు చేస్తారే ఆ పేపరు బొమ్మలు, వాటిని దీని పక్కన పెట్టండి, తేడా తెలుస్తుంది.”

తూకాలాయనకి ఒళ్లు మండింది. నోరు విప్పితే దొంగ, మూసుకుంటే దద్దమ్మ. ఈలోగా అక్కగారు హంసని తీయడానికి చెయ్యి చాచింది.

“అక్కా, జాగ్రత్త, గట్టిగా పట్టుకోకు” అంది ఆయన భార్య, సోఫాలోంచి లేవకుండానే. “నువ్విచ్చింది ఎప్పుడో పగిలిపోయింది. ఇది మా ఆయన చేశారు.”

అక్కగారి చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత ఎక్కువసేపు కూర్చోలేదు కూడా.

అక్కగారు అటు వెళ్లగానే తూకాలాయన భార్యని అడిగాడు. “నీకెప్పుడు తెలిసింది?”

“వచ్చిన రోజే. చేతిలోకి తీసుకోగానే పైకి లేచొచ్చింది. మెడ కొలిచారు, రెక్కలు కొలిచారు. అంతంత రాళ్ల తరుగు పట్టిన మనిషి, ఒక్కసారి బరువు చూసుకోవాలని తోచలేదా?”

ఆయన హంసని అరచేతిలో పెట్టి చూశాడు. లోపల గులకరాళ్లు వేసినా సరిపోయేది.

“మరి అప్పుడే ఎందుకు అడగలేదు?”

“అడిగితే షోకేసెవరు తుడుస్తారు?”

అంటూనే పెరట్లోకి వెళ్లి ఆయన సన్నకుంచె, రంగుడబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. హంసని తిరగేసి పట్టుకుంది.

“అడుగున మీ ముద్రేదీ? అది లేకుండా నా షోకేసులో ఉండనివ్వను. వేయండి.”

ఆయన కుంచె అందుకున్నాడు. కళ్లు చెమర్చి అక్షరం కాస్త వంకరపోయింది. తరుగున్నదాని మీద ఆయన ముద్ర వేయడం జన్మలో అదే మొదటిసారి.