గోడ అవతలికి వినపడిన ప్రార్థన

దయ్యాలూ భూతాలూ నేను ఏనాడూ నమ్మలేదు. తెనాలి వైపు మా ఊళ్ళో పొలంగట్టు మీద తెల్లచీర కనపడిందని ఎవరైనా అంటే, ఎవరో ఆరేసుకున్న చీరేమో చూసుకోండని నవ్వేదాన్ని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

2011లో శంషాబాద్‌లో యాదమ్మగారింట్లో ఒక పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. ఆవిడకీ మాకూ మధ్య ఒకటే గోడ. మా ఆయన ఎయిర్‌పోర్టులో నైట్ డ్యూటీ దిగి ఐదున్నరకు తలుపు బాదితేగానీ నాకు మెలకువ వచ్చేది కాదు.

మా తోడికోడలు సునీత బుద్వేల్‌లో ఉండేది. పెళ్ళయ్యాకే చర్చి మొహం చూసిన మనిషి. రోజూ తెల్లవారుజామునే లేచి మోకరించేది. మరిదికి ఉద్యోగం పోయినా "దేవుడున్నాడక్కా" అని నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. నేను పుట్టు విశ్వాసిని. ఫోన్ మోగితే చాలు, గుండె దడ. నాకు లేని నెమ్మది నిన్నగాక మొన్న వచ్చినదానికెలా దొరికింది?

ఒక ఆదివారం సునీత సాక్ష్యం చెబితే సంఘమంతా స్తోత్రం అంది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఉండబట్టలేక నేనూ లేచాను. నలభై రోజులుగా పొద్దున్నే ఐదింటికి ప్రార్థిస్తున్నానని, దేవుడు నాకు గొప్ప నెమ్మదినిచ్చాడని చెప్పాను. పచ్చి అబద్ధం. నాకూ స్తోత్రం అన్నారు.

ఇంటికొచ్చేసరికి యాదమ్మగారు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఆవిడ చర్చి గడప తొక్కే మనిషి కాదు. లేచి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"మా కవిత కండ్లు తెర్శిందమ్మా. దవాఖాన్ల వడి పదిరోజులాయె. పొద్దుగాల ఐదింటికి నువ్వు దాని పేరు వట్టి మొక్కుతుంటే గోడకు చెవి వెట్టి ఇంటుంటి. గదే నాకు ధైర్నం."

ఆవిడకు కవిత అనే కూతురుందనే నాకు తెలియదు. గోడ పక్కనే ఉంటూ ఒక్కనాడూ అడగలేదు. "నేను కాదండీ" అన్నాను.

"నీ గొంతు నాకు దెల్వదా?" అని నవ్వారు.

మర్నాడు అలారం పెట్టుకుని ఐదింటికి లేచాను. యాదమ్మగారి గోడను ఆనుకుని ఉన్న వంటింట్లోకి వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. భయంతో మోకాళ్ళ మీద పడ్డాను. ముందు అబద్ధం ఒప్పుకున్నాను. తర్వాత కవిత కోసం, చివరికి నోరు రాకపోయినా సునీత కోసం అడిగాను. వెక్కి వెక్కి ఏడ్చాను. లేచేసరికి గుండె దడ లేదు.

నల్లా దగ్గర యాదమ్మగారు కనపడి, "ఏందమ్మా, ఇయ్యాల మొక్కలేవా? ఏం ఇనవడలే" అన్నారు.

ఆ రోజు నుంచీ ఒక్క పొద్దూ మానలేదు. మరుసటి ఆదివారం అందరి ముందూ నిజం చెప్పేశాను. నెమ్మది దొరికింది, సునీత మీద కుళ్ళూ పోయింది. యాదమ్మగారికి మాత్రం గోడ ఇవతల నుంచి నా గొంతు మళ్ళీ ఎప్పుడూ వినపడలేదు.

నేను గుర్రుపెట్టి నిద్రపోతుంటే, నాకు పేరైనా తెలియని పిల్ల కోసం అంత బాగా ప్రార్థించినావిడ ఎవరో ఇప్పటికీ అంతుబట్టదు. ఆవిడంటే మాత్రం నాకు ఇంకా అసూయే.