ఒడియా అని రాసి ఉన్న ఆడియో

మా సార్ పోయారని మొన్న ఆదివారం పొద్దున ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. నేను నమ్మలేదు. అమీన్‌పూర్‌లో వాళ్లింటికి ఫోన్ చేసి, వాళ్లమ్మాయి నోట విన్నాకే నమ్మాను. అలా సరిచూసుకోవడం నేర్పింది ఆయనే.

పాశమైలారంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఆయన కార్మికులకు సేఫ్టీ ట్రైనింగ్ ఇచ్చేవారు. హాల్లో వీడియోలు వేసే పని నాది. నేను తాళం వేసి వచ్చినా, వెళ్లి రెండుసార్లు లాగి చూసేవారు. మొదట్లో మనసు చివుక్కుమనేది.

ఒకసారి అడిగేశాను. "నా మీద గూడ అనుమానమేనా సార్?"

"నీ మీద గాదు బిడ్డా. నా కండ్ల మీద, చెవుల మీదనే నాకు నమ్మకం లేదు."

గ్యాస్ లీకైతే ఏం చేయాలో చూపే కొత్త వీడియో ఒకటి పై ఆఫీసు నుంచి వచ్చింది. ఫుల్ హెచ్‌డీ అనీ, తెలుగు, హిందీ, ఒడియా ఆడియోలున్నాయనీ ఫైలు పేరులోనే ఉంది. తెర మీద వేస్తే అందులోని గ్యాస్ మీటరు అంకెలు అలుక్కుపోయి కనిపించాయి.

"చిన్న బొమ్మను సాగదీసి పెద్దగ చేసిన్రు. ఫైలు బరువు పెరిగింది గానీ, లేని అంకె యాడికెల్లి వస్తది?" అన్నారు సార్.

ఆడియోల జాబితా తెరిచాను. "ఒడియా ఉన్నది సార్."

"నీకు ఒడియా వస్తదా?"

"రాదు సార్."

"మరి ఉన్నదని ఎట్ల చెప్తున్నవ్? పేరు ఎవలన్న రాస్తరు."

రియాక్టర్ దగ్గర పనిచేసే ఒడిశా అతన్ని పిలిపించారు. అతను కాసేపు విని, "యే తో బంగ్లా హై సాబ్. ఆధా సమఝ్ మే ఆతా హై" అన్నాడు. అది బెంగాలీ. అతనికి సగమే అర్థమవుతోంది.

మేనేజర్ విసుక్కున్నారు. "తనిఖీ దగ్గరకొచ్చింది. చూసినట్టు అందరితోని సంతకాలు పెట్టించుండ్రి జల్దీ."

"సగం సమజైతే సగం దూరమే ఉరుకుతరు సార్. నేనైతే సంతకం పెట్ట," అన్నారు మా సార్.

మూడు రోజులు ఆఫీసులో ఎవరూ ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఫ్యాన్లు ఆపి, ఆ ఒడిశా అతని గొంతే రికార్డు చేశాం. సార్ మీటరుకు దగ్గరగా వెళ్లి మళ్లీ షూట్ చేశారు. అంతటితోనూ ఆయనకు నమ్మకం కుదరలేదు. వీడియో చూడని ఇంకో ఒడిశా కార్మికుడికి మాటలు మాత్రమే వినిపించి, వాల్వు ఎటు తిప్పాలో చేత్తో చూపమన్నారు. అతను తప్పు వైపు తిప్పాడు. ఆ వాక్యం మార్చి మళ్లీ చదివించారు.

కొత్త ఆడియోతో వీడియో వేసిన రోజు, ఎప్పుడూ వెనక బెంచీల్లో కునికే ఒడిశా వాళ్లు మొదటి మాటకే తలలెత్తారు. సార్ తెర వైపు చూడలేదు. గోడకానుకుని ఒక్కొక్కరి ముఖమే చూస్తున్నారు. మూడు రోజులు విని విని, తనకు రాని ఆ భాషలో ఆయన పెదవులు మెల్లగా కదులుతున్నాయి.