లక్ష్మణమ్మ దాచిన పనసపొట్టు

కొత్తవలస దాటాక వచ్చే ఆ ఊళ్ళో లక్ష్మణమ్మ అనగానే అందరికీ ముందు పనసపొట్టే గుర్తొస్తుంది. చేతులకూ కత్తికీ నూనె రాసుకుని, లేత కాయకు ముళ్ళు చెక్కి ఆమె కొట్టడం మొదలుపెడితే పొట్టు సన్నగా, ఒక్క తీరుగా రాలేది. ఇరవై ఏళ్ళుగా విజయనగరం మార్కెట్లో ఆమె గంప ముందు నిలబడ్డవాళ్ళు వేరే గంప వైపు చూసేవారు కాదు.

లేత కాయ దొరికేదల్లా మాఘం నుంచి చైత్రం దాకానే. అందరూ అడిగేది మాత్రం కార్తీకంలో, వనభోజనాలప్పుడు. వంట మేస్త్రి జగన్నాధం ఏటా ఇదే మాట అంటుంటే విని విని, మూడేళ్ళ కిందట ఆమె ఫ్రిజ్జు కొంది. పొట్టును ఉప్పూ పసుపూ వేసిన నీళ్ళలో ఒక్క పొంగు రానిచ్చి, గుడ్డలో పిండి, ఆరాక అరకిలో కవర్లలో పలచగా పరిచి, గాలి పోయేలా అదిమి ఫ్రీజర్లో పేర్చేది. మొదటి ఏడాదే జగన్నాధం తిని, చెట్టు మీంచి ఇప్పుడే కోసినట్టుందన్నాడు.

ఆ ఫ్రిజ్జును ఆమె పసిపిల్లను సాకినట్టు చూసుకుంది. వెనక గోడకు జానెడు ఎడం ఉంచింది. తలుపు రబ్బరును వారానికోసారి సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచేది. మంచు పేరుకుంటే కత్తితో గీకనిచ్చేది కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఫ్రీజర్లో నీసు పెట్టనిచ్చేది కాదు. ఇంట్లో చేపలు తినకపోలేదు, తెచ్చిన రోజే వండేసేవారు. కార్తీకంలో దేవుడి పేరు చెప్పుకుని తినే తిండి అందులో ఉందని ఆమె పట్టుదల.

పోయిన శ్రావణంలో భర్త కూర్మయ్యకు కంటి ఆపరేషన్ పడింది. వారం రోజులు వైజాగులో ఉండాలి. ఇంటి తాళం మరిది భార్య చిన్నతల్లికి ఇచ్చింది. ఇద్దరివీ ఒకే గోడ ఇళ్ళు. చిన్నతల్లి కాపురానికొచ్చిన కొత్తలో గంజి వార్చడం దగ్గర్నుంచి నేర్పింది లక్ష్మణమ్మే. కరెంటు పోతే ఫ్రిజ్జు తలుపు తియ్యొద్దని, నీసు సంగతి మరిచిపోవద్దని రెండుసార్లు చెప్పి బస్సెక్కింది. తిరిగొచ్చాక అంతా బాగానే ఉందని చిన్నతల్లి తాళం ఇచ్చేసింది.

కార్తీకంలో విజయనగరంలోని ఒక వీధి వాళ్ళు మామిడితోటలో వనభోజనాలు పెట్టుకున్నారు. వంట జగన్నాధానిది. లక్ష్మణమ్మ కవర్లు తీయబోతే అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా వచ్చాయి. అడుగున రెండు ఎంత లాగినా రాలేదు. బస్సు వేళైపోతోందని వాటిని వదిలేసి, మిగతావి గోనెలో చుట్టుకుని వెళ్ళింది. కూరలు తరగడానికి చిన్నతల్లీ వెంట వచ్చింది.

తోటలో కవర్లు విప్పేసరికి పులిసిన వాసన కొట్టింది. పొట్టు చేతికి జిగటగా తగిలింది. జగన్నాధం ఆ గిన్నె ఎత్తి గట్టు అవతల కుమ్మరించి వచ్చాడు. వీధి పెద్దలు చుట్టూ చేరి ఏమైందని అడిగారు. లక్ష్మణమ్మ ఖాళీ కవరు తిప్పి తిప్పి చూస్తోంది. అప్పుడు వంకాయలు తరుగుతున్న చిన్నతల్లి తలెత్తి, "మా అక్కకి వయసొచ్చీసింది బావూ. ఉప్పెయ్యడం మరిసిపోయుంటాది" అంది.

అందరూ అయ్యో అన్నారు. లక్ష్మణమ్మ కూడా నిజంగానే మరిచిపోయానేమో అనుకుంది. ఆ పగలంతా వడ్డన పనికి దూరంగా, చెయ్యి కడుక్కునే తొట్టి దగ్గరే నిలబడింది.

మర్నాడు కొత్తవలస నుంచి ఉమాశంకర్ అనే మెకానిక్‌ని పిలిపించింది. అతను అంతా చూసి మిషన్లో లోపం లేదన్నాడు. గోడలకు రెండు వేళ్ళ మందం మంచుంది, ఫ్రిజ్జు ఆగి ఉంటే ముందు అదే కరిగేదని, ఎవరో కవర్లు బయట పెట్టి, కరిగాక మళ్ళీ లోపల పెట్టి ఉంటారని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె ప్లగ్ తీసేసి, గిన్నెలో వేడినీళ్ళు లోపల పెట్టి కూర్చుంది. మంచు కరిగి, ఉండిపోయిన రెండు కవర్లూ ఊడొచ్చాయి. వాటి కింద పసుపునీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. ఆ గడ్డ అడుగున చేప పొలుసులు. గోటితో ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తాళం ఇంకెవరి దగ్గరా లేదు.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న చిన్నతల్లి దగ్గరకు వెళ్ళి చెయ్యి చాపింది. చిన్నతల్లి ఆ పొలుసు చూసి తల దించుకుంది.

"మా అన్న భీమిలి నుంచి సేపలట్టుకొచ్చాడక్కా. ఒక్క రోజే కదా అని పొట్టు తీసి బేసిన్లో ఎట్టాను. సుట్టాల గొడవలో మూడ్రోజులైపోనాది."

"నాకెందుకు సెప్పలేదు?"

"బావకి ఆపరేషనాయె. నిన్ను కంగారెట్టడమేల అనుకున్నాను."

"మరి తోటలో? నేను మరిసిపోయానని ఎందుకన్నావు?"

చిన్నతల్లి తడి చీర పిండుతూ, "ఏటో, నోటికొచ్చీసింది" అంది.

లక్ష్మణమ్మ పొలుసును అక్కడే పడేసి వచ్చేసింది. పొట్టు పాడవడం, ఫ్రీజర్లో నీసు పెట్టడం ఎలాగో దిగమింగుకుంది. తన నోరు పెగలని వేళ, తనవాళ్ళలోంచే ఆ మాట రావడం మింగుడు పడలేదు. జగన్నాధం ఇంటికి వెళ్ళి, తప్పు తన చేతిది కాదని మాత్రం చెప్పింది. ఎవరిదో చెప్పలేదు. అతను మర్యాదగా విని టీ ఇప్పించాడు కానీ, ఇకమీదట పచ్చిపొట్టు దొరికే రోజుల్లోనే కబురంపుతానన్నాడు.

మాఘంలో కాయలు వచ్చాయి. చిన్నతల్లి ఎప్పట్లానే కత్తి తెచ్చుకుని పక్కన కూర్చుంది. లక్ష్మణమ్మ పొమ్మనలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. ఊళ్ళో వాళ్ళు తోటికోడళ్ళంటే ఇలా ఉండాలనేవారు.

వేసవి చివర్లో కూర్మయ్యకు రెండో కంటికీ ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. వెళ్ళే ముందు రోజు ఆమె ఆ ఏడు దాచిన కవర్లన్నీ తీసి అయినకాడికి అమ్మేసింది. ఫ్రిజ్జు ప్లగ్ పీకి, లోపలంతా పొడిగుడ్డతో తుడిచి, వాసన పట్టకుండా తలుపు ఓరగా తీసి ఉంచింది.

సంచులతో బయటికొస్తుంటే చిన్నతల్లి ఎదురొచ్చి, "ఫ్రిజ్జు సూడాలా అక్కా?" అంది.

"అక్కర్లేదు. అందులో ఏటీ లేదు" అని లక్ష్మణమ్మ కూర్మయ్య చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.